ఆరు నిమిషాల పది సెకన్లు

నాకు అరవై ఒకటో ఏట ఒక సంగీతం దొరికింది. దాన్ని వినాల్సిన చెవులు అప్పటికే చెడిపోతున్నాయన్న సంగతి మాత్రం మరో ఐదు నెలలకు గాని తెలియలేదు. ఆ ఐదు నెలలూ, ఆ తర్వాతి ఏడాదీ నా డైరీల్లో వివరంగానే ఉన్నాయి. ఏ రోజు ఏ పాట ఎన్నిసార్లు విన్నానో, ఏ వాయిద్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అన్నీ రాసుకున్నాను. ఇన్ని వివరాలు రాసుకున్న మనిషికి అసలు సంగతి ఎందుకు కనబడలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను కరెంటు ప్లాంటులో టర్బైన్ మీద పనిచేశాను. ముప్పై రెండేళ్లు మూడు షిఫ్టుల్లో తిరిగాను. గంటకొకసారి మెషిన్ చుట్టూ నడిచి బేరింగుల వేడి, ఆయిల్ ప్రెషర్ చూసి లాగ్ షీట్‌లో వేయడం మా పని. అయితే అంకె కన్నా ముందు చెవి చెబుతుందని మా నమ్మకం. టర్బైన్ మామూలుగా తిరుగుతున్నప్పుడు ఒకటే హోరు. ఆ హోరులో సన్నటి కీచు ఏదైనా వినబడితే పరుగెత్తేవాళ్లం. కాబట్టి నాకు తెలిసినంతవరకు శబ్దం అంటే మారకుండా ఉండవలసినది. మారిందంటే ఏదో ముంచుకొస్తున్నట్టే. సంగీతం జోలికి ఎందుకు పోలేదని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే. ఇంట్లో రేడియో నా భార్యది. నేను డ్యూటీ నుంచి వచ్చిన చప్పుడు కాగానే ఆమె దాన్ని కట్టేసేది.

రిటైరయ్యాక పాల్వంచలోనే ఉండిపోయాం. ఇంటి ముందు గదికి రోడ్డు వైపు తలుపు ఉండటంతో దాన్ని ఒక పళ్ల డాక్టరమ్మకు కిరాయికి ఇచ్చాం. తల్లాడ దగ్గరి పల్లె ఆమెది. ముప్పై ఏళ్లుంటాయేమో. పన్ను తొలిచే మిషన్ చప్పుడుకు జనం బెదిరిపోకుండా ఆమె గదిలో ఒక టేప్‌ రికార్డర్ పెట్టేది. అందులో వచ్చేవి సినిమా పాటలు కావు. అవి ఏమిటో నేను అడగలేదు.

ఒక పొద్దున దవడ పన్ను సలుపు తట్టుకోలేక నేనే ఆ కుర్చీలో కూర్చున్నాను. పళ్ల డాక్టరు కుర్చీలో మనిషి చేయగలిగింది ఏమీ ఉండదు. నోరు తెరిచి ఉంటుంది కాబట్టి మాట రాదు. కళ్ల మీద లైటు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆమె మూతికి గుడ్డ కట్టుకుని ఏదో అంది. అర్థం కాలేదు. ‘డాక్టరమ్మ మంచిదే గాని మాటలు మింగేస్తుంది’ అని అప్పటికే డైరీలో రెండుసార్లు రాసుకుని ఉన్నాను.

అలా పడుకుని ఉండగా వినబడింది. అడుగున లావుపాటి తీగ శబ్దం ఒకటి నాలుగు మెట్లు ఎక్కి, మూడు దిగి, మళ్లీ ఎక్కుతోంది. అలసట లేదు. చక్కగా నూనె వేసిన షాఫ్టు తిరిగినట్టుంది. దాని మీద డ్రమ్ము. ఆ డ్రమ్ము దెబ్బ ప్రతిసారీ పడవలసిన చోటు కన్నా వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోంది. ఒకసారి కాదు, ప్రతిసారీ అంతే ఆలస్యం. నోట్లో పనిముట్లు ఉన్నాయన్నది మరిచి నేను లేవబోయాను.

“కదలొద్దు అంకుల్!” అని ఆమె నా నుదురు మీద చెయ్యి వేసి అదిమింది. అంత గట్టిగా అంది కాబట్టి అది వినబడింది.

పుక్కిలించి ఉమ్మిన తర్వాత నేను మొదట అన్న మాట పన్ను గురించి కాదు. “డాక్టరమ్మా, నీ టేప్‌ రికార్డర్ల బెల్ట్ లూజయింది. దెబ్బ లేటు పడ్తుంది. నేను మారుస్త.”

“ఏంది అంకుల్, మంచిగనే నడుస్తుంది గదా?”

“నడుస్తలేదు. నాకు తెలుస్తుంది గద.”

మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు దాకా క్లినిక్ మూసి ఉంటుంది. తాళం చెవి మా దగ్గరే. ఆ రోజే దాన్ని విప్పి, దుమ్ము దులిపి, బజారులోని రేడియో రిపేరు కొట్టు నుంచి కొత్త బెల్టు తెచ్చి వేశాను. క్యాసెట్ పెట్టాను. డ్రమ్ము అదే ఆలస్యంతో పడింది. మోటారు విప్పి నూనె చుక్క వేశాను. అదే ఆలస్యం. మూడో రోజు అన్నం తింటుండగా తట్టింది. బెల్టు జారితే అన్నీ కలిసి జారాలి. అడుగున తీగ సరిగ్గా నడుస్తూ డ్రమ్ము ఒక్కటే ఎలా వెనకబడుతుంది? చెయ్యి కూడా కడుక్కోకుండా క్లినిక్కులోకి పోయాను.

బెంచీ మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. చండ్రుగొండ అవతలి అడవి పల్లె నుంచి వచ్చిన కోయామె. దవడకు గుడ్డ కట్టుకుని ఉంది. నేను అడిగినదానికి డాక్టరమ్మ పడీపడీ నవ్వింది.

“అది కావాలనే గట్ల కొడ్తరు అంకుల్. అదే దాని అందం.”

“లేటు కొట్టుడు అందమెట్లయితది?”

డాక్టరమ్మ చెప్పలేక చేతులు తిప్పుతుంటే ముసలమ్మ దవడ గుడ్డ కొంచెం కిందికి లాగింది. “ఆడు ఎనకబడ్తలేడయ్యా. ఆగుతుండు.”

“ఎవరి కోసమవ్వా?”

“కాలేసెటోళ్ల కోసం. డోలు తొందరపడ్తె ఆడోళ్ల కాలు నేలకానదు. ఆనినంక కొట్టాలె. మా ఊళ్లె గిట్లనే కొడ్తరు.” నన్ను పై నుంచి కింది దాకా చూసింది. “నువ్వెన్నడన్న డోలుకు ఎగిరినవా?”

“లేదు.”

“మరి నీకేం ఎర్కయితది,” అని గుడ్డ మళ్లీ బిగించుకుంది.

ఆ రాత్రి డైరీలో ఆమె మాట యథాతథంగా రాసుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం తాళం తీసుకుని మళ్లీ పోయాను, ఈసారి రిపేరు కోసం కాదు.

ఆ క్యాసెట్‌ను డాక్టరమ్మకు హాస్టల్ స్నేహితురాలు ఒకామె రికార్డు చేసి ఇచ్చిందట. డబ్బాలోని కార్డు మీద పాటల పేర్లు లేవు, వాయించినవాళ్ల పేర్లూ లేవు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు, వాటి పక్కన ఏ పాట ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లో మాత్రమే ఉంది. ఒక వైపు టేపు సరిపోతుందో లేదో లెక్క చూసుకోవడానికి రాసుకుందట. “జాజ్ అంటరు అంకుల్. పాతది కాదు, ఈ మధ్య వాళ్లది. నల్లవాళ్ల చర్చి పాటల్ల ఉండే ఆర్తి, డాన్సు పాటల్ల ఉండే నడక, రెండు కలుపుతరట. నాకూ గంతే తెలుసు,” అంది డాక్టరమ్మ. వాయించింది ఎవరో ఈ రోజు వరకూ నాకు తెలియదు.

నన్ను పట్టుకున్నది నాలుగో పాట. బేస్ గిటారు ముందు ఒంటరిగా నడుస్తుంది. ఆగి ఆగి కొట్టే ఆ డ్రమ్ము వచ్చి కలుస్తుంది. తర్వాత ఎలక్ట్రిక్ పియానో, నీళ్ల అడుగున గంటలు మోగినట్టు. సగం దాటాక శాక్సఫోన్ లేస్తుంది. అది ఎటో పోతుంది. ఇక తిరిగి రాదనుకుంటాను. మొదటి రోజుల్లో నా చేతులు కుర్చీ అంచును పట్టుకునేవి. ఇంత దూరం పోయిన మెషిన్ ట్రిప్ అయి తనకు తాను ఆగిపోయి తీరాలి. కాని కింద బేస్ తన నాలుగు మెట్లు తాను ఎక్కి దిగుతూనే ఉంటుంది. శాక్సఫోన్ దాని ఒళ్లోకి వచ్చి పడుతుంది. ఎక్కడా అలారం మోగదు. ఎవరూ పరుగెత్తరు. ముప్పై రెండేళ్ల తర్వాత ఒక శబ్దం మారుతూ ఉంటే భయపడకుండా కూర్చోవడం నాకు అప్పుడే సాధ్యమైంది. ఇది చిన్న సంగతిగా కనబడవచ్చు. నాకు కాదు.

“ఏందయ్యా, కాలికి చీమలు పట్టినయా?” అంది ఒక రోజు నా భార్య, అన్నం వడ్డిస్తూ. చూసుకుంటే పీట పక్కన నా పాదం ఆడుతోంది.

“పాట.”

“పాటా! ముప్పై ఏండ్లు నా రేడియో నోరు నొక్కి, ఇప్పుడు పాటనా?” నవ్వుతూనే అంది.

నా పద్ధతి నాకుంది కదా. నాలుగు నెలలు విన్నాక నాలుగో పాటకు ఒక లాగ్ షీట్ గీశాను. అడ్డంగా నిమిషాలు, నిలువుగా వాయిద్యాలు. ప్లాంటు నాటి స్టాప్ గడియారం ముందు పెట్టుకుని రోజూ ఒక వాయిద్యాన్ని మాత్రమే పట్టుకుని వినేవాణ్ణి. ఏది ఎక్కడ వస్తుంది, ఎక్కడ పోతుంది అని గీతలు గీసేవాణ్ణి. నెల రోజులకు షీటు నిండింది. అప్పుడే తేడా బయటపడింది. కార్డు మీద ఆ పాట ఆరు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు. నా గడియారంలో ఆరు నిమిషాల పది సెకన్లకు అయిపోతోంది. ఐదు రోజులు వరుసగా కొలిచాను. అదే పది.

మా పనిలో ఒక సూత్రం ఉంది. మీటరూ మనిషీ రెండు మాటలు చెబితే, మనిషి అనుభవం కలవాడైతే, ముందు మీటరును అనుమానించాలి. నేను టేప్‌ రికార్డర్ను అనుమానించాను. కొత్త బెల్టు బిగువుకు వేగంగా తిరుగుతోందని తేల్చుకున్నాను. మోటారు వెనుక వేగం సరిచేసే సన్నటి స్క్రూ ఉంటుంది. దాన్ని కొద్ది కొద్దిగా తిప్పి, నా గడియారంలో పాట సరిగ్గా ఆరు నిమిషాల నలభై ఎనిమిదికి ముగిసే దాకా వేగం తగ్గించాను. మిగతా పాటలను కార్డుతో పోల్చి చూడాలని నాకు తోచలేదు. పని కాలమంతా ఒక్క రీడింగు మీద ఆధారపడి ఏ నిర్ణయమూ తీసుకోని మనిషిని. ఆ రోజు తీసుకున్నాను. తృప్తిగా ‘సరిచేశాను’ అని రాసుకున్నాను.

సాయంత్రం డాక్టరమ్మ వంటింటి గుమ్మం దాకా వచ్చింది. “అంకుల్, ఏం చేసిన్రు దాన్ని? అందరు నిద్రమాత్రలు మింగి వాయించినట్టున్నది.”

నేను లాగ్ షీటు తెచ్చి ఆమె ముందు పరిచాను. ఐదు రోజుల కొలతలు చూపించాను. కార్డు మీద అంకె చూపించాను. ఆమె ఆ షీటు మీద వేలు పెట్టి గీతలన్నీ చదివింది. తర్వాత నన్ను క్లినిక్కులోకి తీసుకుపోయి, స్క్రూ వెనక్కి తిప్పించి, గడియారం తన చేతిలో పెట్టుకుంది.

“పాట అయిపోంగనే చెయ్యి లేపండి.”

బేస్ ఆగింది. పియానో ఆగింది. నేను చెయ్యి లేపాను. “చూడు, పది.”

ఆమె గడియారం ఆపలేదు. తల కొంచెం వంచి, టేప్‌ రికార్డర్ వైపు చూస్తూ అలాగే నిలబడింది. వింటున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో మీకు తెలుసు. నా చెయ్యి పైనే ఉంది. ముప్పై ఎనిమిది సెకన్లు అంత పొడుగని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆమె తల ఎత్తి గడియారం ఆపింది. అప్పుడు మూతి గుడ్డను కళ్ల కింది దాకా పైకి లాక్కుని నాతో ఏదో అంది.

“ఏమన్నవ్?”

గుడ్డ తీసి మళ్లీ అంది, మెల్లగా, పెదాలు కదిలిస్తూ. “మీరు ఇన్ని రోజులు నా మాట వింటలేరు అంకుల్. నా మూతి చూస్తున్నరు.”

ఖమ్మంలో చెవుల డాక్టరు నన్ను ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి, చప్పుడు వినబడితే బటన్ నొక్కమన్నాడు. వచ్చిన కాగితం మీద రెండు గీతలు. గ్రాఫులు చదవడం నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. కాగితానికి ఎడమ వైపు, లావుపాటి శబ్దాల దగ్గర, రెండూ బాగానే నడిచి, సన్నటి శబ్దాల దగ్గరికి వచ్చేసరికి కరకట్ట తెగినట్టు కిందికి పడ్డాయి. కుడి చెవి గీత ఎడమ చెవి గీత కన్నా చాలా లోతుకు పడింది.

“హోరులో పనిచేశారా?” అన్నాడు. చెప్పాను. “మరి కుడి చెవి ఇంత ఎక్కువ ఎందుకు పోయింది? తుపాకి పేల్చేవాళ్లకైతే ఒక పక్క ఇలా అవుతుంది.”

ఎందుకో నాకు అప్పుడే తెలిసిపోయింది. ఆయనకు చెప్పలేదు. మీకు చెబుతాను.

ప్లాంటు వాళ్లు చెవులకు తొడుగులు ఇచ్చేవారు. పెట్టుకోకపోతే మందలించేవారు కూడా. ఇంజనీరు వస్తున్నాడంటే పెట్టుకుని, పోగానే మేకుకు తగిలించేవాళ్లం. తొడుగు పెట్టుకుంటే మెషిన్ మాట వినబడదని మా వాదం. నూనె తుడిచే కాటన్ పీచును నులిమి ఎడమ చెవిలో పెట్టుకునేవాళ్లం. కుడి చెవి ఖాళీగా ఉంచేవాళ్లం. దాన్ని ‘మెషిన్ చెవి’ అనేవాళ్లం. కొత్తగా చేరినవాడు తెలియక రెండు చెవుల్లోనూ కాటన్ పెట్టుకుని వస్తే, మొదటి రోజే సీనియర్ అందరి ముందూ వాడి కుడి చెవి లోంచి దాన్ని పీకి కింద పడేసేవాడు. ‘ఇది నీది కాదు, మెషిన్‌ది. దీనికి మూత పెట్టకు.’ అందరూ నవ్వేవాళ్లు. వాడు ఆ రోజు నుంచి మావాడు. నాకు అలాగే పీకారు. తర్వాత పీకేవాణ్ణి నేనే. ఎంతమందికి పీకానో డైరీల్లో ఉంది. కొత్తవాళ్లు చేరిన ప్రతిసారీ రాసుకున్నాను, గర్వంగా.

“ఇది తిరిగి రాదండి. వయసుతో పాటు ఇంకొంచెం తగ్గుతుంది,” అన్నాడు డాక్టరు.

బస్సులో ఇంటికి వస్తూ ఒకే సంగతి ఆలోచించాను. ఆ ముప్పై ఎనిమిది సెకన్లలో ఏముంది?

డాక్టరమ్మను అడిగాను. “తాళం ఒకటి అంకుల్, పళ్లెం లెక్క ఉంటది. దాని మీద కుంచెతోని రాసినట్టు. అందరు ఆపినంక అదొక్కటే ఉంటది. మెల్లగ, మెల్లగ…” అని ఆగిపోయింది. మరోసారి మొదలుపెట్టి మళ్లీ ఆగిపోయింది. నా భార్యను తీసుకుపోయి వినిపించాను. ఆమె చెయ్యి నడుముకు పెట్టుకుని చివరి దాకా విన్నది.

“ఏముంది?”

“ఏం లేదు. చేటల బియ్యం చెరిగినట్టున్నది. గంతే. దానికి గింత బాధ దేనికి?”

మర్నాడు ఆమె అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతుంటే పక్కన పోయి నిలబడ్డాను. బియ్యం ఎగురుతోంది, పడుతోంది. ఊక గాలికి పోతోంది. ఆమె గాజులు కదులుతున్నాయి. చప్పుడు లేదు. ఈ శబ్దం నాకు ఎప్పటి నుంచి వినబడటం లేదో వెతుకుదామని పాత డైరీలు తీశాను. ఏ సంవత్సరంలోనూ లేదు. బియ్యం చెరిగిన చప్పుడు విన్నానని ఎవరు రాసుకుంటారు?

నాకు తెలిసిన ఉపాయాలన్నీ చేశాను. బేరింగు లోపలి చప్పుడు వినడానికి మేము పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను దాని మీద ఆనించి, పిడిని చెవి వెనుక ఎముకకు ఆనించుకునేవాళ్లం. స్పీకరు పెట్టె మీద అలాగే ఆనించాను. బేస్ నా పుర్రెలోనే నడిచింది. అంత అందంగా అంతకు ముందెన్నడూ వినలేదు. ఆరు నిమిషాల పది సెకన్ల తర్వాత మాత్రం స్క్రూడ్రైవర్ కర్రలాగే ఉండిపోయింది.

చెవి మిషన్ పెట్టించుకున్నాను. దాంతో మాట కొంత తేలికైంది. కాని కాగితం మడిస్తే పిడుగు పడ్డట్టుండేది, కుక్కరు విజిల్‌కు ప్రాణం పోయేది. దాన్ని పెట్టుకునే నాలుగో పాట విన్నాను. పియానో రేకు డబ్బా అయింది. అయినా ఓర్చుకుని కూర్చున్నాను. బేస్ ఆగింది, పియానో ఆగింది, పది దాటింది. అప్పుడు వచ్చింది. స్‌స్‌స్ అని. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సంగీతమని కాదు. ఆవిరి లీకు అని. ఎక్కడో పైపు అతుకులో గాస్కెట్ పోయిందని నా కాళ్లు వాల్వు వైపు పరుగెత్తబోయాయి. అద్దాల బీరువా ముందు ఆగి, చెవి మిషన్ తీసి చేతిలో పట్టుకున్నాను. మళ్లీ రెండుసార్లు ప్రయత్నించాను. చెరిగే బియ్యం అనుకుందామని, కుంచె అనుకుందామని. రెండుసార్లూ అది ఆవిరే. అందరూ హాయిగా వినే చోటు నాకు లీకు అయింది. అంతకన్నా ముందుకు పోయే దారి ఎవరి దగ్గరా లేదు.

ఏడాది తిరిగేసరికి పాట నాకు ఆరు నిమిషాలకే ముగుస్తోంది. శాక్సఫోన్ అన్నిటికన్నా పైకి లేచే చోట ఒక గుంట పడింది. అది ఎటో పోతుంది, ఇదివరకటిలాగే. తిరిగి రావడం మాత్రం మధ్య నుంచి వినబడుతుంది. లాగ్ షీటులో ఆ గీతలను ఎర్ర సిరాతో కొట్టేశాను. కొట్టేయడం తప్ప మరేం చేయను? పాట ఎక్కడ అరిగిందో తెలుస్తూనే ఉంది, ఆపే వాల్వు మాత్రం లేదు.

ప్రతి ఏడాది చివర మా పాత జూనియర్ ఒకడు నాకు కొత్త డైరీ తెచ్చి ఇస్తాడు. చండ్రుగొండ వైపు పల్లె నుంచి వచ్చి, ఆ ఇంట్లో మొదటి ఉద్యోగి అయి, నా కింద పని నేర్చుకున్నాడు. ఇప్పుడు నా కుర్చీలోనే షిఫ్ట్ ఇన్‌చార్జి. నలభై రెండేళ్లు. ఆ ఏడూ వచ్చాడు.

“సార్, తెచ్చిన! ఈసారి కాగితం పల్సగున్నది, సిరా దిగుతదేమో!”

“మెల్లగ మాట్లాడరాదయ్యా,” అంది నా భార్య లోపలి నుంచి. “మీరిద్దరు కలిస్తే బజారంత వింటది.”

నేను చాలా రోజులుగా సిద్ధం చేసుకున్న మాట అడిగాను. “డ్యూటీల చెవులకు తొడుగులు పెట్టుకుంటున్నవా?”

వాడు నవ్వాడు. “తొడుగులా? మొదటి రోజు నా కాటన్ పీకిందెవరు సార్? మీరు గాదా? మొన్న ముగ్గురు కొత్తోళ్లు చేరిన్రు. ముగ్గురియి నేనే పీకిన. ‘ఇది మెషిన్‌ది రా’ అన్న. మీరన్న మాటనే. మీ తీరుగనే అన్న!”

మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ నా ముఖంలోకి చూశాడు.

వాణ్ణి క్లినిక్కులోకి తీసుకుపోయాను. మధ్యాహ్నం కావస్తోంది. డాక్టరమ్మ పనిముట్లు కడిగి పెడుతోంది. నాలుగో పాట పెట్టమన్నాను. ఆమె నా వైపు, వాడి వైపు చూసి, అడగకుండానే పెట్టింది. గడియారం నేను పట్టుకున్నాను.

“ఇదేం పరీక్ష సార్?”

“పాట విను. అయిపోంగనే చెయ్యి లేపు.”

వాడు బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రెండో నిమిషానికి వాడి బూటు నేల మీద తాళం వేయడం మొదలైంది. డ్రమ్ము ఆగిన చోట ఆగి, పడిన చోట పడుతోంది. నాకు నెలలు పట్టిన సంగతి వాడి కాలికి రెండు నిమిషాల్లో తెలిసింది. ఊళ్లో డోలుకు ఎగిరి ఉంటాడు. ఆరు నిమిషాలు దాటింది. నాకు ఏమీ లేదు. నేను వాణ్ణి చూడటం మానేసి డాక్టరమ్మను చూస్తున్నాను.

ఆరు నిమిషాల ఇరవై ఒక సెకన్లకు వాడు చెయ్యి లేపాడు. “అయిపోయింది సార్. మస్తుంది పాట!”

డాక్టరమ్మ తడి చేతులతో, తల కొంచెం వంచి, కదలకుండా నిలబడి ఉంది. ఇరవై రెండు. ముప్పై. నలభై. ఆమె చేతులు తుడుచుకోలేదు, నా వైపు చూడలేదు.

“ఏందమ్మా, గట్ల నిలబడ్డరు?” అని వాడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “అయిపోయింది గదా?”

గడియారం జేబులో పెట్టుకున్నాను. “రేపు నీది ఏ షిఫ్టు?”

“సెకండ్ షిఫ్ట్ సార్.”

“పొద్దున ఖమ్మం పోయొద్దాం. దవాఖానాకు.”

వాడి నవ్వు మాయమైంది. లేచి దగ్గరికి వచ్చి, నా చెవి మిషన్ వైపు చూసి, భుజం మీద చెయ్యి వేశాడు. “అయ్యో, మళ్ల ఏమైంది సార్ మీకు? ఫికర్ చెయ్యకుండ్రి. నేనొస్త గదా మీతోని,” అన్నాడు, గట్టిగా, నాకు వినబడాలని.